సూది ఊగితే ఆల్టర్నేటర్ మార్చేయాలా?

"విమానం గాల్లో ఉండగా బ్యాటరీ అయిపోయింది" అని ఎవరైనా అంటే మన బుర్రలో వెంటనే సినిమా సీన్ మొదలైపోతుంది. ఇంజిన్ ఆగిపోతుంది, విమానం ముక్కు కిందికి వంగుతుంది, లోపల అందరూ కేకలు వేస్తారు. కానీ సెస్నా, పైపర్ లాంటి పాతకాలపు చిన్న పిస్టన్ విమానాల్లో అలా జరగదు. వాటి స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేది బ్యాటరీ కాదు, మాగ్నెటో. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. బ్యాటరీ మొత్తం చచ్చిపోయినా ఇంజిన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది.

మరి భయం దేనికి? రేడియో పోతుంది. రాడార్‌లో మనల్ని చూపించే ట్రాన్స్‌పాండర్ పోతుంది. లైట్లు, ఇంధనం గేజ్‌లు, సెస్నాల్లో మోటారుతో కదిలే ఫ్లాప్‌లు, అన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. ఎండకాసే పగలు, కిందే రన్‌వే కనిపిస్తుంటే అది చిరాకు మాత్రమే. రాత్రిపూట, మబ్బుల్లో అయితే అది ప్రాణం మీదకు వస్తుంది.

నేను ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం. పోయిన వేసవి సెలవుల్లో నాలుగు వారాలు ఒక ఫ్లయింగ్ స్కూల్ హ్యాంగర్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. అక్కడ చూసిన వాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జెట్ ఇంజినూ కాదు, ఏవియానిక్సూ కాదు. యాభై ఏళ్ల పాత విమానంలోని 14 వోల్టుల ఛార్జింగ్ సర్క్యూట్. మనం ఇంటర్‌లో చదివేసి వదిలేసిన ఓమ్ సూత్రం అక్కడ ఎంత పని చేస్తుందో మీకు చెబుదామనే ఈ వ్యాసం.

అరగంట బ్యాటరీ

ముందు ఒక నిజ సంఘటన. 1983 అక్టోబర్ 11 రాత్రి, అమెరికాలో ఎయిర్ ఇల్లినాయ్ 710 అనే విమానం స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి కార్బన్‌డేల్‌కు బయలుదేరింది. ఇది చిన్న విమానం కాదు, రెండు ఇంజిన్ల హాకర్ సిడ్లీ 748. మన దేశంలో కాన్పూర్ హెచ్‌ఏఎల్‌లో లైసెన్స్ మీద తయారైన ఆవ్రో ఇదే. గాల్లోకి లేచిన కొద్దిసేపటికే ఎడమ జనరేటర్ పోయింది. ఆ కంగారులో పొరపాటున బాగున్న కుడి జనరేటర్‌ను లైన్ నుంచి విడదీశారు. అది మళ్లీ లైన్‌లోకి రాలేదు. ఇక మిగిలింది బ్యాటరీ ఒక్కటే, అది సుమారు అరగంటకు సరిపడేది. వెనక్కి తిరిగితే స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గరే ఉంది. కానీ కెప్టెన్ ముందుకే వెళ్లాడు. గమ్యం చేరకముందే బ్యాటరీ అయిపోయింది. ఆ చీకట్లో విమానం కూలి, అందులో ఉన్న 10 మందీ చనిపోయారు. రెండు ఇంజిన్లూ తిరుగుతూనే ఉన్నాయి.

అందుకే ఛార్జింగ్ లోపాన్ని "చిన్న ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్" అని తోసేయకూడదు. ఒక చిన్న లెక్క వేసుకుందాం. పాత సెస్నాలో బ్యాటరీ 25 ఆంపియర్ అవర్ అనుకోండి. రాత్రిపూట రేడియోలు, లైట్లు అన్నీ కలిపి 20 ఆంప్‌లు లాగుతున్నాయి. కాగితం మీద గంటా పావు రావాలి. కానీ బ్యాటరీ పాతది, పైగా ఛార్జింగ్ సరిగా లేక అప్పటికే సగం ఖాళీ. వోల్టేజ్ పది దగ్గరకు దిగేసరికి రేడియో ముందే మూగబోతుంది. చేతికి దక్కేది అరగంట దక్కితే గొప్పే. అదీ లోపాన్ని మొదటి నిమిషంలోనే గమనిస్తే.

లోపల ఏముంది?

1960ల మధ్య వరకు చాలా చిన్న విమానాల్లో డీసీ జనరేటర్ ఉండేది. మనం డైనమో అంటామే, అదే. దాని ఇనుములో మిగిలిపోయిన కొద్దిపాటి అయస్కాంతత్వంతో తనంతట తానే మొదలవుతుంది. కాకపోతే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. అలాంటి విమానం టాక్సీ చేస్తుంటే అమ్మీటర్ డిశ్చార్జ్ చూపిస్తుంది. అది లోపం కాదు, దాని స్వభావం.

తర్వాత సిలికాన్ డయోడ్లు చవకయ్యాయి, ఆల్టర్నేటర్ వచ్చింది. స్టేటర్‌లో మూడు ఫేజుల ఏసీ పుడుతుంది, ఆరు డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. మెషిన్స్ సబ్జెక్టులో మనం చదివిందే. రోటర్‌లోని ఫీల్డ్ కాయిల్‌కు రెండు మూడు ఆంప్‌లు ఇస్తే, బయటకు అరవై ఆంప్‌ల దాకా వస్తాయి. కానీ ఆ రెండు మూడు ఆంప్‌లు ముందు బ్యాటరీయే ఇవ్వాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన విమానాన్ని ఎలాగోలా స్టార్ట్ చేసినా ఆల్టర్నేటర్ నిద్ర లేవకపోవచ్చు. అప్పు ఇచ్చేవాడే దివాళా తీస్తే వ్యాపారం మొదలు కాదు కదా.

ఈ ఫీల్డ్ కరెంటును పెంచి, తగ్గించి బస్ వోల్టేజ్‌ను 14 దగ్గర నిలబెట్టేది రెగ్యులేటర్. దాని పక్కనే ఓవర్‌వోల్టేజ్ రిలే ఉంటుంది. వోల్టేజ్ 16 దాటితే ఫీల్డ్‌ను కట్ చేసేస్తుంది. పైలట్ ముందు రెండు ముక్కల మాస్టర్ స్విచ్ ఉంటుంది. ఒక సగం బ్యాటరీకి, రెండో సగం ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కు. ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

ఒకే సూది, రెండు అర్థాలు

పాత బుల్లెట్ హెడ్‌లైట్ పైన చిన్న అమ్మీటర్ చూశారా? మధ్యలో సున్నా, ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్. పాత సెస్నాల్లో చాలావాటికి ఉండేది అలాంటిదే. అది బ్యాటరీలోకి వెళ్లే కరెంటును, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును చూపిస్తుంది. బ్యాటరీ నిండాక సూది సున్నా దగ్గర ఉంటే అంతా బాగున్నట్టు.

పాత పైపర్ చెరోకీల్లో ఉండేది వేరే రకం, లోడ్‌మీటర్. ఆల్టర్నేటర్ మొత్తం ఎంత కరెంటు ఇస్తోందో అది చూపిస్తుంది. అక్కడ లైట్లూ రేడియోలూ ఆన్‌లో ఉండగా సూది సున్నా దగ్గర ఉందంటే ఆల్టర్నేటర్ చచ్చినట్టే.

చూడండి, ఒకే సున్నాకు ఒక విమానంలో "నిశ్చింతగా ఉండు" అని అర్థం, ఇంకో విమానంలో "వెంటనే దిగు" అని అర్థం. మీటర్ ఏ తీగ మీద కూర్చుందో తెలియకుండా సూది చదవడం అంటే, ప్రశ్న చూడకుండా జవాబు రాయడమే.

మార్చడం వేరు, కనిపెట్టడం వేరు

ఇప్పుడు హ్యాంగర్‌లో నేను చూసిన విమానం సంగతి. 1970ల నాటి సెస్నా 172, 14 వోల్టుల సిస్టమ్. కంప్లయింట్ ఏమిటంటే, ఎగురుతున్నంతసేపూ అమ్మీటర్ సూది ప్లస్, మైనస్ మధ్య గడియారం లోలకంలా ఊగుతోంది. అప్పుడప్పుడూ ఓవర్‌వోల్టేజ్ రిలే ట్రిప్ అవుతోంది. అది మా దగ్గరకు రాకముందే వేరేచోట ఆల్టర్నేటర్ మార్చారు, రెగ్యులేటర్ రెండుసార్లు మార్చారు, బ్యాటరీ కూడా మార్చారు. సూది మాత్రం ఊగుతూనే ఉంది.

అక్కడి సీనియర్ ఏఎంఈ సార్ లాగ్‌బుక్ అంతా చదివి నవ్వారు. "చూడమ్మా, ఇన్ని పార్టులు మార్చారు, ఒక్క రీడింగ్ కూడా రాయలేదు" అన్నారు. తర్వాత ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ తెమ్మన్నారు.

నేను మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టబోతుంటే సార్ ఆపి, "ఎంత రెసిస్టెన్స్ కోసం వెతుకుతున్నాం?" అని అడిగారు. ఇక్కడే అసలు పాఠం ఉంది. వదులైన లగ్, చిలుము పట్టిన కనెక్టర్, అరిగిన స్విచ్, వీటిలో రెసిస్టెన్స్ 0.02 నుంచి 0.2 ఓమ్‌ల దాకా ఉంటుంది. మన మీటర్ ప్రోబ్ వైర్లకే అంత రెసిస్టెన్స్ ఉంటుంది. ఓమ్ మీటర్ పంపే కరెంటు కూడా మరీ తక్కువ. దానికి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

కానీ అదే 0.02 ఓమ్ ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ కేబుల్‌లో ఉంటే, 40 ఆంప్‌లు పారేటప్పుడు 0.8 వోల్టులు అక్కడే పోతాయి. ఐ స్క్వేర్ ఆర్ లెక్కన 32 వాట్ల వేడి, ఒక చిన్న స్క్రూ దగ్గర! సోల్డరింగ్ ఐరన్ లాగా కాలుతుంది. అందుకే ఓమ్‌లు కొలవకండి. కరెంటు పారుతుండగా, ఆ భాగానికి ఇటు ఒక ప్రోబ్, అటు ఒక ప్రోబ్ పెట్టి వోల్టేజ్ డ్రాప్ కొలవండి. మంచి స్విచ్ దగ్గర దాదాపు సున్నా రావాలి. పెద్ద అంకె వచ్చిందంటే దొంగ అక్కడే ఉన్నాడు.

ఇందులో ఇంకో అందమైన విషయం ఉంది. ఫీల్డ్ సర్క్యూట్‌ను పరీక్షించడానికి ఇంజిన్ తిప్పనక్కర్లేదు. ఇంజిన్ ఆగి ఉండగా మాస్టర్ రెండు సగాలూ ఆన్ చేస్తే, బస్ మీద ఉండేది బ్యాటరీ ఇచ్చే పన్నెండు చిల్లర వోల్టులే. రెగ్యులేటర్‌కు కావలసింది 14. కాబట్టి అది ఫీల్డ్‌ను పూర్తిగా తెరిచేస్తుంది. ప్రొపెల్లర్ కదలకుండానే ఫీల్డ్‌లో పూర్తి కరెంటు పారుతుంది. బ్యాటరీ దిగిపోకుండా త్వరగా కొలిచేయాలి, అంతే.

మా రీడింగులు ఇవి. బస్ మీద 12.30. రెగ్యులేటర్ దగ్గరకు చేరింది 11.45. దారిలో 0.85 వోల్టులు మాయం. ఫీల్డ్ కరెంటు 2.5 ఆంప్‌లు. ఒక్కో ముక్కకు అడ్డంగా కొలుచుకుంటూ వెళ్లాం. సర్క్యూట్ బ్రేకర్ దగ్గర 0.10, ఒక ప్లగ్ కనెక్టర్ దగ్గర 0.25, మాస్టర్ స్విచ్ ఆల్టర్నేటర్ సగంలో 0.50. స్విచ్ లోపలి కాంటాక్టుల రెసిస్టెన్స్ 0.2 ఓమ్ అన్నమాట. పైకి మాత్రం "టక్" మని చక్కగా పడుతోంది.

0.85 వోల్టులకే సూది ఎందుకు ఊగాలి?

నాకు మొదట అర్థం కాలేదు. డ్రాప్ ఉంటే వోల్టేజ్ కొంచెం తేడాగా ఉండాలి గానీ, ఊగడం ఎందుకు? సార్ కాగితం మీద గీసి చూపించారు.

పాత సెస్నాల్లో చాలావాటిలో రెగ్యులేటర్ బస్ వోల్టేజ్‌ను చూసే తీగ, ఫీల్డ్‌కు కరెంటు తెచ్చే తీగ ఒకటే. అదే స్విచ్ గుండా వస్తుంది. ఇప్పుడు కథ ఇలా నడుస్తుంది.

ఫీల్డ్ ఆన్‌లో ఉంది. తీగలో 0.85 డ్రాప్. బస్ మీద నిజంగా 14 ఉన్నా రెగ్యులేటర్‌కు 13.15 కనిపిస్తోంది. "ఇంకా చాలదు" అనుకుని ఫీల్డ్‌ను అలాగే ఉంచుతుంది. బస్ 14.85 చేరాక గానీ దానికి 14 కనిపించదు. అప్పుడు ఫీల్డ్ ఆఫ్ చేస్తుంది.

ఆఫ్ చేయగానే తీగలో కరెంటు లేదు, డ్రాప్ కూడా లేదు. రెగ్యులేటర్‌కు హఠాత్తుగా నిజమైన 14.85 కనిపిస్తుంది. "అమ్మో, చాలా ఎక్కువైంది" అనుకుని బస్ 14కు దిగేదాకా ఫీల్డ్ ఇవ్వదు. దిగగానే మళ్లీ ఆన్. మళ్లీ డ్రాప్. మళ్లీ మొదటికి.

రెండు థ్రెషోల్డులు, మధ్యలో హిస్టెరిసిస్. ఎక్కడో చూసినట్టుందా? మనం 741 పెట్టి ల్యాబ్‌లో కట్టిన స్మిట్ ట్రిగ్గర్! అరిగిపోయిన స్విచ్, మంచి రెగ్యులేటర్‌తో కలిసి ఎవరూ డిజైన్ చేయని ఆసిలేటర్‌ను తయారుచేసింది. స్విచ్ ఇంకా అరిగితే డ్రాప్ పెరుగుతుంది, పై థ్రెషోల్డ్ 16 వైపు జరుగుతుంది, ఓవర్‌వోల్టేజ్ రిలే ట్రిప్ అవుతుంది. రిలే కూడా మంచిదే, తన పని తాను చేస్తోంది. 14.85 దాకా వెళ్లొచ్చే వోల్టేజ్‌తో బ్యాటరీ నీళ్లు మరిగి ఆయుష్షు తగ్గిపోయింది. పాపం, దాన్నీ మార్చారు.

అంటే మార్చిన ప్రతి పార్టూ నిర్దోషి. అసలు ముద్దాయి అన్నింటికంటే చవకైన స్విచ్. ఆమోదం ఉన్న కొత్త స్విచ్ వేసి, కనెక్టర్ శుభ్రం చేశాక మొత్తం డ్రాప్ 0.1కి దిగింది. ఇంజిన్ రన్‌లో బస్ 14.0 దగ్గర నిలబడింది, సూది బుద్ధిగా కూర్చుంది.

ఏ లక్షణానికి ఎవరిని అనుమానించాలి?

సార్ చెప్పిన వరుస నా నోట్‌బుక్‌లో ఇలా ఉంది.

1. ముందు బ్యాటరీ. ఏ లోడూ లేకుండా కాసేపు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీలో 12.6 ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర సగం. బ్యాటరీయే చెడిపోతే మిగతా రీడింగులన్నీ మోసం చేస్తాయి.

2. తర్వాత కళ్లు. బెల్ట్ వదులా? చుట్టూ నల్లటి రబ్బరు పొడి ఉందా? లైకమింగ్ ఇంజిన్లలో బెల్ట్ ప్రొపెల్లర్ వెనక ఉంటుంది. కొత్త బెల్ట్ వేయాలంటే ప్రొపెల్లరే విప్పాలి. అందుకే "తర్వాత చూద్దాంలే" అనే బద్ధకం ఇక్కడ ఎక్కువ.

3. అసలు ఛార్జింగే లేకపోతే ఆల్టర్నేటర్ ఫీల్డ్ టెర్మినల్ దగ్గర, ఇంజిన్ ఆపి, మాస్టర్ ఆన్ చేసి వోల్టేజ్ కొలవాలి. దాదాపు బ్యాటరీ వోల్టేజ్ ఉంటే తీగలు, రెగ్యులేటర్ తమ పని చేశాయి, అనుమానం ఆల్టర్నేటర్ మీదకు పోతుంది. బ్రష్‌లు అరిగాయేమో, రోటర్ కాయిల్ తెగిందేమో చూడాలి. సున్నా ఉంటే ఆల్టర్నేటర్‌ను ముట్టుకోకండి, లోపం దానికి ముందే ఎక్కడో ఉంది. ఈ ఒక్క రీడింగ్‌తో సగం సర్క్యూట్ మీద అనుమానం పోతుంది.

4. సూది ఊగుతుంటే ఇందాకటి కథే. బస్ నుంచి రెగ్యులేటర్ దాకా డ్రాప్ కొలవాలి.

5. లైట్లు వేస్తే ఛార్జింగ్ పడిపోతుంటే బెల్ట్ జారుతోందేమో, అవుట్‌పుట్ కేబుల్‌లో డ్రాప్ ఉందేమో చూడాలి. బాడీ ఎర్త్‌ను కూడా మరిచిపోకూడదు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి, కరెంటు తిరిగి వెళ్లడానికి ఒక అల్లిక పట్టీ ఉంటుంది. అది తెగితే స్టార్టర్ కరెంటు త్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు కంట్రోల్ కేబుల్ వేడెక్కిందంటే ఆ పట్టీనే చూడాలి.

6. హెడ్‌సెట్‌లో ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని ఈల వినిపిస్తుంటే డయోడ్. ఆరింటిలో ఒకటి పోతే ఆల్టర్నేటర్ కుంటుతూ పనిచేస్తుంది, లోడ్ తక్కువైతే అమ్మీటర్‌లో తెలియను కూడా తెలియదు. ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ను ఏసీలో పెట్టి బస్ మీద కొలిస్తే, అర వోల్టు దాటిన రిపుల్ దాన్ని పట్టిస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ పనులు లైసెన్స్ ఉన్న ఏఎంఈ చేయాలి, లేదా ఆయన పక్కన ఉండి చేయించాలి. చివర సంతకం ఆయనదే. ముఖ్యంగా ప్రొపెల్లర్ తిరిగే వలయంలో ఎప్పుడూ నిలబడకండి, ఇంజిన్ ఆగి ఉన్నా సరే. మాగ్నెటోను ఆఫ్ చేయడం అంటే దాన్ని ఎర్త్ చేయడమే. ఆ ఎర్త్ తీగ తెగితే, కీ చేతిలో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ప్రొపెల్లర్‌ను చేత్తో కొంచెం తిప్పినా ఇంజిన్ పేలొచ్చు.

మనకేంటి?

మనలో చాలామంది జీవితంలో విమానం ఎలక్ట్రికల్స్ ముట్టుకోకపోవచ్చు. కానీ నెలనెలా బ్యాటరీ దింపేసే బైక్, ఒక లైట్ వేస్తే ఇంకోటి మసకబారే హాస్టల్ వైరింగ్, రీసెట్ అయిపోయే ప్రాజెక్ట్ బోర్డ్, ఇవన్నీ ఈ విమానానికి చుట్టాలే. బోర్డ్ రీసెట్ అవగానే మనం ఏం చేస్తాం? కొత్త బోర్డ్ ఆర్డర్ పెడతాం. బ్రెడ్‌బోర్డ్ జంపర్ వైర్‌లో ఎంత డ్రాప్ ఉందో కొలవం.

పార్టు మార్చడం తప్పని కాదు. కొలవకుండా మార్చడం లాటరీ. పైగా ఒక్కోసారి తగులుతుంది కూడా, అదే ప్రమాదం. పార్టు విప్పేటప్పుడు చిలుము పట్టిన లగ్ కాస్త కదిలి, కొన్నాళ్లు బాగా పనిచేస్తుంది. "రెగ్యులేటరే పోయింది, మార్చాం, సరిపోయింది" అని లాగ్‌బుక్‌లో రాసేస్తారు. ఆరు నెలల తర్వాత ఏదో రాత్రి, ఏదో మబ్బులో ఒక స్టూడెంట్ పైలట్ ముందు ఆ సూది మళ్లీ ఊగుతుంది. అతని చేతిలో అప్పుడు మల్టీమీటర్ ఉండదు, అరగంట బ్యాటరీ మాత్రమే ఉంటుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఏదైనా ఛార్జ్ అవ్వకపోతే ముందు ఒక కాగితం తీసుకోండి. కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లి, ఎలా తిరిగి వస్తుందో గీయండి. లోడ్ ఆన్ చేసి, ఒక్కో ముక్కకు అడ్డంగా వోల్టేజ్ కొలిచి, ఆ గీత మీదే అంకెలు వేయండి. స్క్రూడ్రైవర్ తీసేది ఆ తర్వాతే.